ఆదామీయుల కథలు: నగ్నత్వమును గూర్చిన కల్పనలు, సంఘ చరిత్ర నేర్పే పాఠము

ఉపోద్ఘాతము

సంఘ చరిత్రను బోధించే పాఠ్యగ్రంథములలో దుర్బోధల పట్టిక ఒకటి ఉంటుంది. అందులో ఎక్కడో ఒక మూల "ఆదామీయులు" అనే పేరు కనబడుతుంది. వీరు ఆదాము హవ్వల వలె దిసమొలతో కూడి ఆరాధించేవారని ఒక్క వాక్యము వ్రాసి పుస్తకము ముందుకు సాగిపోతుంది. మేమును విద్యార్థి దశలో ఆ వాక్యమును పరీక్షలో వ్రాసి మార్కులు తెచ్చుకున్నవారమే. ఆ సంగతిని చూచినవారెవరు, చెప్పినవారెవరు అని ఆనాడు మేము అడుగలేదు.

వస్త్రములు లేని జీవనమును గూర్చి కథలు కల్పించుట ఈ కాలపు అలవాటని అనేకులు తలంచుచున్నారు. నిజానికి ఇది చాల పాత అలవాటు. క్రైస్తవ లోకములో దీనిని ఎక్కువగా పెంచినవారు లోకస్థులు కారు, సంఘ నాయకులే. ఆ కల్పనలు ఎట్లు పుట్టినవో, ఎవరికి హాని చేసినవో, కాపరులమైన మనకు అవి ఏమి నేర్పుచున్నవో ఈ వ్యాసములో పరిశీలించ గోరుచున్నాము. నగ్నజీవనమును సమర్థించుట మా ఉద్దేశము కాదు. పొరుగువానిని గూర్చి మనము చెప్పే కథ సత్యమా కాదా అన్నదే మా ప్రశ్న.

1. మొదట నిందింపబడినవారు క్రైస్తవులే

ఆది సంఘము రోమా సామ్రాజ్యములో రహస్యముగా కూడుకొనే రోజులలో దాని మీద ఒక కథ ప్రచారములో ఉండేది. క్రైస్తవులు రాత్రివేళ విందు చేసి, దీపస్తంభమునకు కట్టిన కుక్కచేత దీపమును పడద్రోయించి, చీకటిలో వావి వరుసలు లేక ప్రవర్తింతురని ఆ కథ. మినూషియస్ ఫెలిక్స్ వ్రాసిన "ఆక్టేవియస్" అనే సంభాషణ గ్రంథములో అన్యుడైన పాత్ర నోట ఈ నింద వినిపిస్తుంది. సుమారు క్రీ.శ. 197లో తెర్తుల్లియను తన సమర్థన గ్రంథములో దీనికి జవాబు చెప్పాడు. ఈ నేరమునకు వదంతి తప్ప వేరొక సాక్షి లేడన్నది అతని వాదములో ముఖ్యాంశము.

ఇక్కడ మరొక సంగతి గమనింపవలెను. ఆ కాలపు సంఘములో వస్త్రములు విడుచుట పవిత్రమైన ఆచారముగానే ఉండెను. హిప్పొలితు పేరిట ప్రసిద్ధమైన "అపొస్తలుల సంప్రదాయము" బాప్తిస్మము పొందేవారు వస్త్రములు తీసివేసి నీటిలో దిగవలెనని చెప్పుచున్నది. మొదట పిల్లలు, తరువాత పురుషులు, ఆ తరువాత స్త్రీలు అని క్రమము కూడ నిర్ణయించినది. 3వ శతాబ్దపు సిరియా దేశమునకు చెందిన "డిడస్కాలియ" స్త్రీలకు తైలాభిషేకము చేయుటకు పరిచారకురాండ్రు ఉండవలెనన్నది. యెరూషలేము బిషప్పు సిరిలు పేరిట నిలిచిన బోధలలో ఆ దిగంబరత్వము సిగ్గెరుగని ఆదాము స్థితికిని, సిలువపై క్రీస్తు స్థితికిని గురుతుగా వివరింపబడినది. అనగా బయటివాడు అపవిత్రత ఊహించినచోట లోపలివారు నూతన సృష్టిని చూచారు.

2. ఎపిఫానియస్ విన్న కథ

అట్టి సంఘమే బలము పొందిన తరువాత తన మీద పడిన నిందవంటిదే ఇతరుల మీద మోపినది. సైప్రసులోని సలమీ పట్టణపు బిషప్పు ఎపిఫానియస్ 370వ దశకములో 80 దుర్బోధలను వర్ణిస్తూ "పనారియోన్" అనే పెద్ద గ్రంథము వ్రాశాడు. అందులో ఆదామీయుల సంగతి 52వది. వారు నేలక్రింద వెచ్చబరచిన గదిలో కూడుదురనియు, వాకిట వస్త్రములు విడిచి లోనికి పోవుదురనియు, తమ కూడికకు పరదైసు అని పేరు పెట్టుకొందురనియు, తప్పు చేసినవానిని పండు తిన్న ఆదామని వెళ్లగొట్టుదురనియు వ్రాశాడు.

అయితే ఎపిఫానియస్ ఒక విషయములో నిజాయితీ చూపాడు. ఈ సంగతి తాను పలువురి నోట విన్నదే గాని ఏ గ్రంథములోను చదివినది కాదనియు, అట్టివారిని తాను కలిసికొనలేదనియు ఒప్పుకొన్నాడు. ఆ శాఖ ఇంకను ఉన్నదో లేదో తెలియకున్నను జాగ్రత్త కొరకు వ్రాయుచున్నానన్నాడు. 428 ప్రాంతమున అగస్టీను కూర్చిన దుర్బోధల పట్టికలో ఎపిఫానియస్ ఆధారముగా ఆదామీయులకు చోటు దొరికినది. విన్న మాట ఈ విధముగా గ్రంథస్థమైన చరిత్ర అయినది. వెయ్యేండ్లకు పైగా ఎవరిమీదనైనను వేయుటకు ఒక నింద సిద్ధముగా నిలిచియుండెను.

3. బొహేమియ, 1421: కథ కత్తియైన నాడు

జాన్ హస్సు 1415లో దహింపబడిన తరువాత బొహేమియ దేశములో అతని అనుచరులు పలు వర్గములైరి. వారిలో తీవ్రులైన తాబోరీయుల నుండి, ప్రభువు రాత్రి భోజన సిద్ధాంతములో భేదించిన ఒక గుంపు 1421లో వెలివేయబడినది. సేనాని జాన్ జిష్కా వారిలో సుమారు 50 మందిని ఆ సంవత్సరము ఏప్రిలులో కాల్పించాడు. మిగిలినవారు నెజార్కా నది నడుమ ఒక ద్వీపములో చేరగా అక్టోబరులో వారిని తుదముట్టించారు. వారు దిసమొలతో తిరిగి అగ్ని చుట్టు నాట్యమాడిరని వారి విరోధులు వ్రాసిపెట్టారు. ముఖ్య ఆధారము లారెన్సు అనే హస్సైటు వర్గపు చరిత్రకారుని గ్రంథము. అతడు ఆ గుంపునకు ప్రత్యర్థి. చనిపోయినవారు స్వయముగా వ్రాసిన సమర్థన మనకు దక్కలేదు.

1731లో ఐజాక్ ద బొసోబ్ర్ అనే హ్యూగనాటు కాపరి ఈ నిందను మొదటిసారి గట్టిగా ప్రశ్నించాడు. బెర్లిను నగరములో ప్రవాసిగా పరిచర్య చేసిన ఆయన, తన స్వజనులు హింసింపబడి దేశము విడిచినవారు గనుక, నిందితుని పక్షము వినుట నేర్చినవాడు. ఈనాటికిని చరిత్రకారులు అక్కడ కొంత నిజమున్నదా, అంతయు కల్పనయేనా అని వాదించుచున్నారు. కాని విరోధి సాక్ష్యమును పరీక్షింపక స్వీకరింపరాదని మనకు చూపినవాడు ఒక కాపరియే అగుట గమనార్హము.

4. లండను, 1641: కరపత్రముల వ్యాపారము

1641 జూలైలో ఇంగ్లాండు పార్లమెంటు స్టార్ ఛాంబర్ న్యాయస్థానమును రద్దు చేసినది. దానితో ముద్రణపై రాజు అదుపు సడలినది. చిన్న కరపత్రములు వర్షమువలె కురిసినవి. జార్జి థామసన్ అనే పుస్తక వ్యాపారి 1640 నుండి 1661 వరకు సేకరించినవే సుమారు 22,000. అవి నేడు బ్రిటిష్ లైబ్రరీలో ఉన్నవి.

ఆ 1641లోనే ఆదామీయులను గూర్చిన కరపత్రములు వరుసగా వెలువడినవి. ఒకటి "సర్పముల గూడు బయటపడినది" అనే అర్థము గల పేరుతో, ముఖపత్రముపై దిగంబరుల చెక్క అచ్చు బొమ్మతో వచ్చినది. మరొకటి మేరిబోన్ పార్కులో ఒబదయా కౌచ్‌మన్ అనే నేతపనివాడు చేసిన ప్రసంగమట. చివరకు గ్రామాధికారులు వచ్చి పట్టుకొందురు. ఇంకొక దాని రచయిత పేరు సామోత్ యార్బ్. థామస్ బ్రే అనే పేరులోని అక్షరములను అటు ఇటు మార్చగా వచ్చినది ఈ పేరు!

వీటిలో ఎపిఫానియస్ వ్రాసిన పాత సరకే కొత్త సంచిలో కనబడును: మూసిన గది, విడిచిన బట్టలు, పరదైసు పేరు. కొత్తగా చేరినది బోధకుని వృత్తి. అతడు నేతపనివాడో, చెప్పులు కుట్టువాడో అయి ఉండును. బిషప్పుల అనుమతి లేక సామాన్యుడు వాక్యము చెప్పుట సహింపలేనివారు, అతని నోరు మూయించుటకు అతని బట్టలు విప్పిన బొమ్మ వేశారు. డేవిడ్ క్రెస్సీ అనే చరిత్రకారుడు 2000లో ప్రచురించిన తన గ్రంథములో ఈ కరపత్రములను పరిశోధించి, ఆనాటి లండనులో అట్టి శాఖ నిజముగా ఉన్నదనుటకు నమ్మదగిన ఆధారము లేదని తేల్చాడు.

ఈ నింద త్వరలోనే బాప్టిస్టుల మీదికి మళ్లినది. డేనియల్ ఫీట్లీ 1645లో ముంచి బాప్తిస్మమిచ్చువారిపై ఖండన గ్రంథము వ్రాశాడు. స్త్రీలను నగ్నముగా ముంచుచున్నారని ప్రచారము సాగినది. గొప్ప భక్తుడైన రిచర్డ్ బాక్స్టరు సహితము ఆ మాటను తన వాదములో వాడుకొన్నాడు. తెలుగు సంఘములలో అనేకులమైన మనము ఆ ముంపు బాప్తిస్మపు వారసులము. 1878 జూలై 3న గుండ్లకమ్మ నదిలో ఒక్క దినమున 2,222 మంది బాప్తిస్మము పొందిన సంగతిని మనము సంతోషముతో చెప్పుకొందుము. అట్టి బాప్తిస్మమును పొందిన మన ఆత్మీయ పూర్వికులే ఒకనాడు ఈ కట్టుకథలకు గురియైనవారని మరువరాదు.

5. మరియొక విధమైన కల్పన

కల్పనయంతయు అబద్ధమని మేము చెప్పుటలేదు. 1667లో జాన్ మిల్టను "ప్యారడైజ్ లాస్ట్" కావ్యము ప్రచురించాడు. దాని నాలుగవ కాండములో ఆదాము హవ్వలు వస్త్రములు లేకనే రాచఠీవితో కనబడుదురు. ఆ దృశ్యమును పాఠకునికి చూపుచున్నది ఎవరి కన్ను? తోటలో దాగిన సాతాను కన్ను. సిగ్గు దేహములో లేదు, అసూయతో చూచు చూపులో ఉన్నదని కవి ఈ ఏర్పాటుతో తెలియజేశాడు. ఇది ఆది 2:25కు మంచి వ్యాఖ్యానము.

1923లో హెచ్.జి. వెల్స్ "మెన్ లైక్ గాడ్స్" అనే నవల వ్రాశాడు. అందులోని ఆదర్శ లోకవాసులలో అనేకులకు వస్త్రముల అక్కర లేదు. వారిని చూచి మండిపడు పాత్ర ఫాదర్ ఆమర్టన్ అనే బోధకుడు. వెల్సు క్రైస్తవ విశ్వాసమునకు మిత్రుడు కాడు. పాపమును గూర్చి అతని అవగాహన లోతు లేనిది. అయినను ఆ బోధకుని పాత్రలో, వినకముందే తీర్పు తీర్చు మన ముఖము కొంత కనబడుచున్నదని ఒప్పుకొనవలెను.

వస్త్రము విడుచుట కొందరికి స్వేచ్ఛ కావచ్చును, మరికొందరికి అది మోపబడిన అవమానము. దక్షిణ తిరువితాంకూరులో నాడారు క్రైస్తవ స్త్రీలు పైవస్త్రము ధరించు హక్కు కొరకు దశాబ్దములు పోరాడి దెబ్బలు తిన్నారు. 1859 జూలైలో గాని రాజశాసనము వారికి కొంత అనుకూలము కాలేదు. కనుక దేహమును గూర్చి కథ వ్రాయు క్రైస్తవుడు, ఆ దేహము ఎవరిది, వారి గౌరవము నిలుచునా అని మొదట అడుగవలెను.

ముగింపు

మేము పరిచర్య చేసిన ఒక పట్టణములో కొన్ని సంవత్సరముల క్రిందట ఒక చిన్న ప్రార్థన గుంపు రాత్రి పదిగంటలకు తలుపులు మూసి కూడేది. వారిని గూర్చి ఊరిలో ఒక మాట పుట్టినది. ఆ మాటను మేము ప్రసంగములో పేరు చెప్పక సూచించితిమి. విన్నవారికి ఎవరో అర్థమైనది. తరువాత ఒకనాడు వారింటికి వెళ్లవలసి వచ్చి చూచితిమి. వారు కూలికి పోయి చీకటి పడ్డాక వచ్చువారు. దోమల బాధకు తలుపు మూయుచున్నారు. ఒక ముసలమ్మ మాకు చాప వేసి మంచినీళ్లిచ్చినది. మేము చేసిన సూచన ఆమెకు తెలుసు. ఆమె ఏమియు అనలేదు. మేము ఆదివారము సంఘము ఎదుట క్షమాపణ చెప్పితిమి గాని, ఆ గుంపులో ఇద్దరు ఆడపిల్లల సంబంధములు అప్పటికే చెడిపోయినవి.

ఎపిఫానియస్ కనీసము తాను చూడలేదని వ్రాశాడు. మేము అదియు చెప్పలేదు.

నిర్గమ 20:16 ఆజ్ఞ న్యాయస్థానములో పలికే సాక్ష్యమునకే గాక ప్రసంగ వేదికకును చెందినది. ద్వితీ 19:15 ఇద్దరు ముగ్గురు సాక్షులను కోరుచున్నది. దుర్బోధను ఖండించుట కాపరి బాధ్యతయే. అయితే వారి బోధను వారి నోటనే విని ఖండించవలెను. మత్తయి 25:36లో ప్రభువు దిగంబరికి బట్ట ఇచ్చినవారిని మెచ్చుకొన్నాడు. పొరుగువాని బట్టను మాటతో లాగివేయుట ఆ మెప్పునకు వ్యతిరేకమైన పని. సిలువ చెంత ప్రభువు వస్త్రములను పంచుకొన్న సైనికులు ఆ పనియే చేశారు. మనము వారి ప్రక్కన నిలువకుందుము గాక.