మాటలతో గీయు పటము

పాత వాల్వు రేడియో వెనుకపలక విప్పి చూచినవారికి లోపల అతికించిన గీతల కాగితము జ్ఞాపకముండును. అది విద్యుద్వలయ పటము, వాడుకలో సర్క్యూటు. ఏ చిత్రకారుడో గీతబద్ద పట్టి దానిని గీసియుండును. చేతితో గీయక, మాటలతో ఆజ్ఞాపించి అట్టి పటమును రప్పించు విద్య గత యేబదియేండ్లలో వృద్ధిపొందినది. మాకు దాని తలపు వచ్చినది నంద్యాల నుండి ఆళ్లగడ్డకు పోవు త్రోవలో.

2022లో ఏర్పడిన నంద్యాల జిల్లాలో ఆళ్లగడ్డ శిల్పులకు పేరుగన్న యూరు. శిల్పశాస్త్రము విగ్రహమును తాళమానమున చెప్పును. నవతాళ విగ్రహమునకు 9 తాళములు, తాళమునకు 12 అంగుళములు, వెరసి 108. ఈ అంగుళము బజారు కొలబద్ద మీదిది కాదు. ఆ విగ్రహపు ఎత్తునే 108 భాగములు చేయగా వచ్చినది. కనుకనే జానెడు మూర్తికిని నిలువెత్తు మూర్తికిని వాక్యమొక్కటే.

విద్యుద్వలయమునకు ఇట్టి వాక్యము మొదట బొమ్మకొరకు గాక లెక్కకొరకు ఏర్పడినది. 1973లో బర్క్లీలోని కాలిఫోర్నియా విశ్వవిద్యాలయము నుండి వెలువడిన స్పైస్ అను కంప్యూటరు ప్రోగ్రామునకు వలయమును పంక్తులుగా వ్రాసి యిచ్చెడివారు. ‘ఆర్1 1 2 1000’ అనిన, 1వ కూడలికిని 2వ కూడలికిని నడుమ వేయి ఓముల నిరోధకమని అర్థము. ఏది దేనితో కలియునో ఆ పంక్తి చెప్పును. కాగితముపై ఎచ్చట నుండవలెనో చెప్పదు.

ఆ రెండవ పని బెల్ ప్రయోగశాలల బ్రయన్ కెర్నిఘన్ 1980ల ఆరంభమున రచించిన పిక్ భాష చేసినది. కుడికి గీత, దాని కొసను పెట్టె, అక్కడనుండి క్రిందికి గీత అని వరుసగా చెప్పుకొనుచు పోవచ్చును. అటుపిమ్మట 2007లో మాసిమో రెదాయెల్లి సర్క్యూటిక్‌జ్ ప్రారంభించెను. అందు రెండు బిందువులు చెప్పి నడుమ ‘ఆర్’ అని వ్రాసిన చాలును, నిరోధకపు వంకరగీత తానే పడును. విలువ మారినచో ఒక్క పంక్తి దిద్దిన చాలును. ప్రయోగశాల రికార్డులో పటమంతయు చెరిపి గీసిన విద్యార్థికి ఇది చిన్న మేలు కాదు.

అయినను ఒక చిక్కు కలదు. తీగలు కలిసినచోట చుక్క పెట్టుమని మనమే చెప్పవలెను. మరచితిమా, యంత్రము పెట్టదు. చుక్క లేని కూడలిని చూచి, తీగలు ఒకదానినొకటి దాటిపోవుచున్నవని మరమ్మతు చేయువాడు భ్రమించును. పంక్తులలో ఈ లోటు కంటికి ఆనదు, పటములోనే తెలియును.

శిల్పియు శాస్త్రము వచ్చునుగదా యని ఊరకుండడు. రాతిపై గీతలు గీసికొనియే ఉలి పట్టును. మేమును ముందు పెన్సిలుతో ముతకగా గీసికొని, కూడళ్లకు అంకెలు వేసికొని, అటుపిమ్మటనే పంక్తులు వ్రాయుచున్నాము.