ప్రశ్న పదవిని కదిలించిన కాలం

చట్టసభ అంటే చట్టాలు చేసే సభ అని నిర్వచనం చెప్పుకోవడం పరిపాటి. మన పార్లమెంటు నడిచిన తీరును దగ్గరగా పరిశీలిస్తే ఈ నిర్వచనం సగం సత్యమేనని తేలుతుంది. బిల్లులను రూపొందించేవి మంత్రిత్వ శాఖలు. సభలో ప్రవేశపెట్టేది మంత్రులు. వాటిని గట్టెక్కించేది వారి వెనుక ఉన్న సంఖ్యాబలం. మంత్రులు కాని సభ్యులు ప్రతిపాదించి, ఉభయసభల ఆమోదం పొంది, చట్టాలుగా మారినవి ఇన్ని దశాబ్దాల్లో 14 మాత్రమే. వాటిలో చివరిది 1970 నాటిది.

మరి మంత్రి కాని సభ్యుడి చేతిలో ఏ అధికారం మిగిలినట్టు? ఓటుంది గానీ, దాన్ని పార్టీ విప్ శాసిస్తుంది. ప్రసంగం ఉంది గానీ, దానికి సమాధానం చెప్పాలన్న నిర్బంధం ఎవరికీ లేదు. మంత్రిని నిలబెట్టి, నమోదయ్యే జవాబు రాబట్టగల సాధనం ఒక్కటే: ప్రశ్న. మంత్రిమండలి లోక్‌సభకు సమష్టిగా బాధ్యత వహిస్తుందని రాజ్యాంగంలోని 75వ అధికరణం చెబుతోంది. అవిశ్వాస తీర్మానం ఏ కొద్దిసార్లో వస్తుంది. ఆ బాధ్యత ప్రతిరోజూ కనబడవలసిన చోటు మాత్రం ప్రశ్నోత్తరాల సమయమే.

ఈ హక్కు మనకు సునాయాసంగా దక్కలేదు. 1861 నాటి ఇండియన్ కౌన్సిల్స్ చట్టం కింద ఏర్పడిన శాసన మండలిలో సభ్యులకు ప్రశ్నించే వీలు లేదు. ప్రభుత్వం తెచ్చిన బిల్లుపై అభిప్రాయం చెప్పడంతో వారి పని ముగిసేది. 1892 చట్టం తొలిసారిగా ప్రశ్న వేసే అవకాశం కల్పించింది. మరుసటి ఏడాది ఫిబ్రవరిలో భింగా రాజా తొలి ప్రశ్న వేశారు. ప్రభుత్వాధికారులు పర్యటనకు వచ్చినప్పుడు వారి మకాములకు సరుకులు సమకూర్చలేక గ్రామాల్లోని దుకాణదారులు పడుతున్న అవస్థల గురించి ఆయన అడిగారు. భారతదేశంలో చట్టసభ ప్రభుత్వాన్ని అడిగిన మొదటి ప్రశ్న సామ్రాజ్య విధానాల గురించి కాదు, పల్లెటూరి చిల్లర వర్తకుడి నష్టం గురించి కావడం గమనార్హం.

అయితే, ఆ జవాబుతో తృప్తి చెందకపోతే తిరిగి అడిగే వీలు లేదు. 1909 సంస్కరణలతో ప్రశ్న వేసిన సభ్యుడికి అనుబంధ ప్రశ్న అడిగే హక్కు వచ్చింది. 1919 సంస్కరణల తర్వాత ఆ హక్కు ఇతర సభ్యులకూ విస్తరించింది. ఈ మార్పు చిన్నదిగా కనబడవచ్చు. కానీ అసలు ప్రశ్నకు అధికారులు ముందే జవాబు రాసి ఇస్తారు. అనుబంధ ప్రశ్నకు మాత్రం మంత్రి తన విషయ పరిజ్ఞానంతో నిలబడాలి. ప్రశ్నోత్తరాల సమయానికి పదును ఉన్నదంతా ఆ రెండో ప్రశ్నలోనే.

నేటి లోక్‌సభ నియమావళి ఈ వారసత్వంపైనే నిలిచింది. సభ్యుడు కనీసం 15 రోజుల ముందు నోటీసు ఇవ్వాలి. మౌఖిక సమాధానం కోరే, నక్షత్రం గుర్తు గల ప్రశ్నలు రోజుకు 20. రాతపూర్వక సమాధానాల ప్రశ్నలు 230. మంత్రి సభలో ఇచ్చిన హామీలు నెరవేరాయో లేదో చూడడానికి 1953 నుంచి ప్రత్యేక సంఘం ఉంది. అంటే జవాబు చెప్పడంతో మంత్రి పని పూర్తి కాదు. ఆ జవాబుకు కట్టుబడి ఉండాలి.

అధికారం ఉన్నచోట దానికి ధర కట్టేవారు కూడా ఉంటారు. తాత్కాలిక పార్లమెంటు రోజుల్లోనే, 1951లో, హెచ్.జి. ముద్గల్ అనే సభ్యుడు బొంబాయి బులియన్ వర్తకుల సంఘం నుంచి ప్రతిఫలం తీసుకొని సభలో వారి పని చేసిపెడుతున్నారన్న ఆరోపణ వచ్చింది. విచారణ సంఘాన్ని వేయాలని ప్రతిపాదించింది ప్రధాని నెహ్రూయే. ముద్గల్ ఆయన సొంత పార్టీ సభ్యుడు. ఆ సంఘానికి టి.టి. కృష్ణమాచారి అధ్యక్షుడు. మన దుర్గాబాయి అందులో సభ్యురాలు. తప్పు రుజువైంది. బహిష్కరణ తీర్మానం నెగ్గేలోగా ముద్గల్ రాజీనామా చేశారు. ప్రశ్న అమ్ముడుపోతే సభ అమ్ముడుపోయినట్టేనని ఆ సంఘం తేల్చిచెప్పినట్లయింది. దానికి అధ్యక్షత వహించిన కృష్ణమాచారి ఏడేళ్ల తర్వాత అదే ప్రశ్న ముందు నిలబడవలసి రావడం చరిత్రలోని విచిత్రం.

1950ల లోక్‌సభలో ప్రశ్నను ఆయుధంగా మలిచిన వ్యక్తి ఫిరోజ్ గాంధీ. రాయబరేలీ నుంచి గెలిచిన కాంగ్రెస్ సభ్యుడు, ప్రధానికి స్వయానా అల్లుడు. 1955 డిసెంబరులో ఆయన రామకృష్ణ దాల్మియా ఆధీనంలోని భారత్ ఇన్సూరెన్స్ కంపెనీలో పాలసీదారుల సొమ్ము ఎలా దారి మళ్లిందో సభలో అంకెలతో సహా వివరించారు. తర్వాత దాల్మియాకు జైలు శిక్ష పడింది. 1956 జనవరిలో ప్రభుత్వం జీవిత బీమా రంగాన్ని జాతీయం చేసింది. ఆ ఏడాది సెప్టెంబరు 1న, 245 కంపెనీలు, సొసైటీల విలీనంతో జీవిత బీమా సంస్థ అవతరించింది.

అదే ఏడాది ఆయన మరొక పని చేశారు. సభలో సభ్యుడు ఏమి మాట్లాడినా 105వ అధికరణం రక్షణ ఇస్తుంది. ఆ మాటలను అచ్చు వేసిన పత్రికకు మాత్రం అటువంటి రక్షణ లేదు. పార్లమెంటులో జరిగినదాన్ని సద్బుద్ధితో, యథాతథంగా ప్రచురించినందుకు విలేకరిపై కేసు పెట్టకూడదంటూ ఫిరోజ్ గాంధీ ఒక ప్రైవేటు బిల్లు తెచ్చారు. అది చట్టమైంది. పైన చెప్పిన 14 చట్టాల్లో ఇదొకటి. సభ్యుడి ప్రశ్న సభ గోడలు దాటి పౌరుడికి చేరితేనే దానికి బలం వస్తుందన్న గ్రహింపు ఆ చట్టానికి మూలం.

ఆ గ్రహింపుకు పరీక్ష త్వరలోనే వచ్చింది. 1957 జూన్‌లో, ఏడాది కూడా నిండని జీవిత బీమా సంస్థ, కలకత్తా వ్యాపారి హరిదాస్ ముంధ్రాకు చెందిన ఆరు కంపెనీల వాటాలను సుమారు 1.25 కోట్ల రూపాయలకు కొన్నది. ఆనాటికి అది పెద్ద మొత్తం. ముంధ్రా అప్పటికే ఆర్థిక సంక్షోభంలో ఉన్నారు. పెట్టుబడులపై సలహా ఇవ్వవలసిన సంస్థాగత సంఘాన్ని సంప్రదించలేదు. ఆ సొమ్ము నెలనెలా ప్రీమియం కట్టే ఉపాధ్యాయులది, గుమాస్తాలది, రైల్వే కార్మికులది. పాలసీదారుల సొమ్మును ప్రైవేటు యజమానుల నుంచి కాపాడడానికి పుట్టిన సంస్థే ఒక ప్రైవేటు వ్యాపారిని గట్టెక్కించబోయింది.

పత్రికల్లో సమాచారం పొక్కింది. సెప్టెంబరులో సభలో ప్రశ్న వచ్చింది. ప్రభుత్వం నుంచి సూటి సమాధానం రాలేదు. నవంబరు చివర మళ్లీ వచ్చింది. ఈసారి ఆర్థిక మంత్రి టి.టి. కృష్ణమాచారి స్వయంగా ఇచ్చిన జవాబుకు, వాస్తవాలకు పొంతన కుదరలేదు. డిసెంబరు 16న జరిగిన చర్చలో ఫిరోజ్ గాంధీ తేదీలు, ధరలు, కొనుగోళ్ల వరుస ఒక్కొక్కటిగా సభ ముందు పెట్టారు. మార్కెట్ ధర కన్నా ఎక్కువ చెల్లించి వాటాలు ఎందుకు కొన్నారో ప్రభుత్వం చెప్పలేకపోయింది. ఆ సభను నడిపిన స్పీకర్ తిరుచానూరులో పుట్టి, చిత్తూరు నుంచి ఎన్నికైన మాడభూషి అనంతశయనం అయ్యంగార్. అధికారపక్షం నుంచే వచ్చిన ఆ స్పీకర్ హయాంలో, అధికారపక్ష సభ్యుడే తన ప్రభుత్వ మంత్రిని నిలదీశాడు. చర్చ ఆగలేదు.

నెహ్రూ ప్రభుత్వం విచారణకు అంగీకరించింది. బొంబాయి హైకోర్టు ప్రధాన న్యాయమూర్తి ఎం.సి. చాగ్లా ఏకసభ్య కమిషన్‌గా 1958 జనవరిలో బహిరంగ విచారణ జరిపారు. మంత్రి, కార్యదర్శి, రిజర్వు బ్యాంకు గవర్నరు అందరూ వచ్చి సాక్ష్యం చెప్పారు. మంత్రికి తెలిసే జరిగిందని ఆర్థిక శాఖ కార్యదర్శి హెచ్.ఎం. పటేల్ అన్నారు. తన అనుమతి లేదని మంత్రి అన్నారు. చాగ్లా నివేదికకు కొన్ని వారాలే పట్టాయి. కార్యదర్శి చేసిన పనికి రాజ్యాంగపరంగా మంత్రే బాధ్యుడని, అధికారిని ముందుకు నెట్టి మంత్రి వెనుక దాగలేడని ఆయన తేల్చారు. ఫిబ్రవరిలో కృష్ణమాచారి రాజీనామా చేశారు. ఆర్థిక మంత్రి లేకపోవడంతో ఆ నెలాఖరున నెహ్రూయే బడ్జెట్ ప్రవేశపెట్టవలసి వచ్చింది.

దీన్ని స్వర్ణయుగ గాథగా చెప్పుకోనవసరం లేదు. కృష్ణమాచారి పాత్ర స్వల్పమని నెహ్రూ నమ్మారు. ఆయన 1962లో మంత్రివర్గంలోకి, ఆ మరుసటి ఏడాది ఆర్థిక శాఖకు తిరిగి వచ్చారు. పటేల్ 1977లో జనతా ప్రభుత్వ ఆర్థిక మంత్రి అయ్యారు. అయినా ఆ ఉదంతం నేర్పిన పాఠం చెరిగిపోలేదు. ప్రభుత్వ రంగ సంస్థలు పార్లమెంటుకు జవాబుదారీ కావాలన్న వాదన అప్పటి నుంచి బలపడింది. 1964లో ప్రభుత్వ రంగ సంస్థల సంఘం ఏర్పడింది.

మనం గమనించవలసింది మరొకటి ఉంది. 1957 ఎన్నికల్లో కాంగ్రెస్‌కు 494కు 371 స్థానాలు దక్కాయి. ఓటింగులో ఆ ప్రభుత్వాన్ని ఓడించగల శక్తి సభలో ఎవరికీ లేదు. అయినా ఒక ప్రశ్న ఆర్థిక మంత్రిని ఇంటికి పంపింది. సంఖ్యాబలం ఎంత ఉన్నా వాస్తవానికి సమాధానం చెప్పక తప్పదన్న నియమాన్ని నాలుగు పరిస్థితులు నిలబెట్టాయి. సభ్యుడు పత్రాలు చదివి సిద్ధపడి వచ్చాడు. సభాపతి మాట్లాడనిచ్చారు. పత్రికలు నిర్భయంగా ప్రచురించాయి. ప్రభుత్వం బహిరంగ విచారణకు తలవంచింది. వీటిలో ఏ ఒక్కటి లేకపోయినా ముంధ్రా వ్యవహారం ఫైళ్లలోనే సమాధి అయ్యేది.

ఇందుకు ప్రతికూల సాక్ష్యం కూడా చరిత్రలోనే ఉంది. అత్యవసర పరిస్థితి విధించాక 1975 జూలైలో సమావేశమైన లోక్‌సభ, ప్రభుత్వ కార్యక్రమాలు తప్ప మరేవీ చేపట్టరాదని తీర్మానించింది. ప్రశ్నోత్తరాలు రద్దయ్యాయి. పార్లమెంటు వార్తలకు సెన్సార్ వర్తించింది. ఫిరోజ్ గాంధీ సాధించిన 1956 చట్టాన్ని ఆయన సతీమణి ప్రభుత్వం ఎత్తివేసింది. ప్రశ్న, దాన్ని ప్రజలకు చేర్చే వార్త ఏకకాలంలో మూగబోయాయి. 1977లో ఆ చట్టం తిరిగి ప్రాణం పోసుకుంది. 44వ సవరణ దానికి 361ఏ అధికరణంగా రాజ్యాంగ స్థాయిని కల్పించింది. చట్టంగా ఉన్నంతకాలం ఏ ప్రభుత్వమైనా చెరిపేయగలదన్న అనుభవం నుంచి వచ్చిన జాగ్రత్త అది.

ఆ తర్వాతి కాలంలో ప్రశ్నకు వచ్చిన ముప్పు నిషేధాల రూపంలో తక్కువ, నిర్లక్ష్యం రూపంలో ఎక్కువ. 2005లో ప్రశ్నలు వేయడానికి డబ్బు తీసుకున్న ఉదంతంలో 11 మంది సభ్యులను ఉభయసభలు బహిష్కరించాయి. వారిలో ఒక్క పార్టీవారే లేరు. 2020 సెప్టెంబరులో కోవిడ్ కారణంగా సమావేశాలను కుదించినప్పుడు ప్రశ్నోత్తరాల సమయాన్ని తొలగించారు. రాతపూర్వక జవాబులను మాత్రం కొనసాగించారు. అదే సమావేశంలో మూడు వ్యవసాయ బిల్లులు ఆమోదం పొందాయి. బిల్లులకు దొరికిన వ్యవధి మౌఖిక ప్రశ్నకు దొరకలేదు. రాత జవాబుకు అనుబంధ ప్రశ్న ఉండదు గనుక, ఒక విధంగా మనం 1909కి ముందటి స్థితిని చవిచూశాం.

ప్రభుత్వాలను మాత్రమే తప్పుపట్టి ఊరుకోవడం న్యాయం కాదు. ఉదయం 11 గంటలకు సభ మొదలుకాగానే వెల్‌లోకి దూసుకువెళ్లి, మధ్యాహ్నం దాకా వాయిదా వేయించే ఆనవాయితీ అన్ని పార్టీలదీ. ఎవరు ప్రతిపక్షంలో ఉంటే వారిది. 2014లో రాష్ట్ర విభజన వేళ మన తెలుగు సభ్యులు కూడా ఆ పనే చేశారు. ప్రశ్నోత్తరాల సమయం రద్దయితే ఎక్కువ ఊపిరి పీల్చుకునేది, జవాబు చెప్పనవసరం తప్పిన మంత్రే. నినాదం మరునాటి శీర్షికకు సరిపోతుంది. అనుబంధ ప్రశ్న రికార్డులో శాశ్వతంగా ఉంటుంది. ఈ తేడాను గుర్తించిన సభ్యులు అన్ని పార్టీల్లోనూ అరుదైపోయారు.

ఫిరాయింపుల నిరోధక చట్టం విప్‌ను ధిక్కరించి ఓటేస్తే సభ్యత్వం తీసివేస్తుంది. ప్రశ్న అడిగితే తీసివేయదు. అంటే నేటి అధికారపక్ష సభ్యుడికి కూడా ఫిరోజ్ గాంధీకి ఉన్న హక్కు చట్టరీత్యా చెక్కుచెదరలేదు. తగ్గింది దాన్ని వాడే తెగువ. టిక్కెట్టు ఇచ్చే అధిష్ఠానాన్ని ఇబ్బంది పెట్టే ప్రశ్న ఎవరు అడుగుతారన్నది నేటి పార్లమెంటు ముందున్న నిజమైన సందేహం.

2005 నాటి సమాచార హక్కు చట్టం ఒక చక్కటి సూత్రాన్ని పొందుపరిచింది. పార్లమెంటుకు నిరాకరించలేని సమాచారాన్ని పౌరుడికీ నిరాకరించరాదన్నదే ఆ సూత్రం. దాన్ని తిరగేసి చదివితే హెచ్చరిక కనబడుతుంది. పార్లమెంటు అడగడం మానేస్తే పౌరుడి హక్కుకు కొలబద్దే కరిగిపోతుంది. భింగా రాజా అడిగినది దుకాణదారుడి సరుకు లెక్క. ఫిరోజ్ గాంధీ అడిగినది పాలసీదారుడి ప్రీమియం లెక్క. మన ప్రతినిధి ఢిల్లీలో ఎన్ని నినాదాలు ఇచ్చాడో మనకు తెలుసు. ఈ అయిదేళ్లలో ఆయన అడిగిన ప్రశ్నలు, వాటికి వచ్చిన జవాబులు లోక్‌సభ రికార్డుల్లో ఉన్నాయి. వచ్చే ఎన్నికల్లో ఓటు అడగడానికి వచ్చినప్పుడు, ముందుగా ఆ లెక్క మనం అడగవలసి ఉంది.