ఇంటిపేర్లలో ఊరిపేర్లు: నవాబుపేట పరిసర ప్రాంత పరిశీలన

తెలుగువారి ఇంటిపేరు వంశాన్ని గుర్తించడానికి ఉపకరిస్తుంది. అంతమాత్రాన అది వంశపు తొలి నివాసానికి తిరుగులేని సాక్ష్యం కాదు. ఊరిపేరు నుంచి పుట్టిన ఇంటిపేర్ల విషయంలో ఈ భేదాన్ని గుర్తించడం అవసరం.

సొంత ఊళ్లో ఉన్నంతకాలం ఊరిపేరు ఒక కుటుంబాన్ని మరొక కుటుంబం నుంచి వేరుచేయదు. అది అందరికీ సమానమే. ఊరు విడిచి మరొకచోట స్థిరపడినప్పుడే ఆ పేరుకు భేదకశక్తి కలుగుతుంది. హైదరాబాదు రాష్ట్రానికి 1952 నుంచి 1956 వరకు ముఖ్యమంత్రిగా ఉన్న బూర్గుల రామకృష్ణారావు వంశం ఇందుకు ఉదాహరణ. వారి అసలు ఇంటిపేరు పుల్లంరాజు. స్వగ్రామం షాద్‌నగర్ సమీపంలోని బూర్గుల. కాలక్రమంలో ఊరిపేరే ఇంటిపేరుగా స్థిరపడింది. అంటే ఇంటిపేరు మారినా వంశం మారలేదు.

వికారాబాదు జిల్లాలోని నవాబుపేట ఈ పరిశీలనకు కాలపరిమితిని కూడా చేరుస్తుంది. 'నవాబు' అరబ్బీ మూలం గల పదం. పారశీకం ద్వారా దక్కనులో వాడుకకు వచ్చింది. 'పేట' దేశ్యం. ఆ బిరుదు వాడుకలోకి రాకముందు ఈ సమాసం ఏర్పడే అవకాశం లేదు. కాబట్టి ఈ ఊరిపేరును ధరించిన ఇంటిపేరు ఎక్కడ కనిపించినా దానిని అంతకంటె ప్రాచీనమని చెప్పరాదు. పైగా ప్రభువు వికారుల్ ఉమ్రా పేరు మీద వెలసిన వికారాబాదుకూ ఇదే సూత్రం వర్తిస్తుంది. అయితే ఈ పరిమితి పేరుకే గాని వంశానికి కాదు.

చెట్టు, కొండ మొదలైన వాచకాలతో ఏర్పడిన ఇంటిపేర్ల వ్యాప్తి వేరు. ఈ ప్రాంత రాజకీయ చరిత్రలో ప్రసిద్ధులైన కొండా వెంకట రంగారెడ్డి, మర్రి చెన్నారెడ్డి మేనమామ మేనల్లుళ్లు. బంధుత్వం ఎంత దగ్గరిదైనా పితృవంశాలు వేరు గనుక ఇంటిపేర్లు వేరయ్యాయి. మరోవైపు మర్రిచెట్టు లేని ప్రాంతం అరుదు గనుక 'మర్రి' అనే ఇంటిపేరు పలుచోట్ల స్వతంత్రంగా పుట్టవచ్చు. ఇంగ్లీషులో కొండను తెలిపే 'హిల్', కమ్మరిపనిని తెలిపే 'స్మిత్' విషయమూ ఇంతే. నామసామ్యం ఒక్కటే ఏకవంశత్వాన్ని నిరూపించదు.

వ్యవహారంలో ఇంటిపేరు మరుగున పడటమూ ఉంది. కొండా వెంకట రంగారెడ్డి పేరు కె.వి. రంగారెడ్డిగా కుదించుకుపోయింది, 1978లో ఆయన స్మారకంగా ఏర్పడిన జిల్లా పేరులో ఇంటిపేరు మిగలలేదు. విదేశాలలో ఇందుకు భిన్నంగా, సత్య నాదెళ్ల పేరులో వలె, ముందుండవలసిన ఇంటిపేరు చివరికి చేరి వ్యక్తికి ప్రధాన సంకేతమవుతున్నది.

కనుక ఇంటిపేరును చరిత్రకు ఆధారంగా గ్రహించేటప్పుడు గోత్రం, వలసక్రమం, భూమి పత్రాలు, వంశావళులతో సరిచూడాలి. ఊరిపేరు గల ఇంటిపేరు ఆ వంశం ఎక్కడ పుట్టిందో చెప్పకపోవచ్చు. ఎక్కడినుంచి వచ్చినవారిగా ఇరుగుపొరుగు వారిని గుర్తించారో చెబుతుంది.