వెలుగు మీద భరోసా కావాలంటే.. లెక్క తెలియాలి

* సౌర ఎల్‌ఈడీ దీపాల ఎంపికలో అవగాహన అవసరం
* ఏడాది తిరగకుండానే మూలనపడటానికి కారణాలెన్నో
* తుపాను కాలానికి ముందే సిద్ధం చేసుకోవడం మేలు

పలాస: 2018 అక్టోబరు 11 తెల్లవారుజామున తిత్లీ తుపాను పలాస సమీపంలో తీరం దాటింది. ఉద్దానంలో కొబ్బరి, జీడి తోటలు నేలకూలాయి. వేల సంఖ్యలో విద్యుత్తు స్తంభాలు ఒరిగిపోవడంతో పల్లెలు రోజుల తరబడి అంధకారంలో మగ్గాయి. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ విశాఖ తీరాన్ని తాకినప్పుడూ ఇదే పరిస్థితి. కరెంటు లేని రాత్రి పిల్లల చదువు ఒక్కటే ఆగదు. కూలిన కొమ్మల నడుమ పాము కనిపించదు. తెగిపడిన తీగ కనిపించదు. నొప్పులు పడుతున్న గర్భిణిని ఆసుపత్రికి తీసుకువెళ్లే దారీ కనిపించదు.

అటువంటి రాత్రులకు చిన్న సౌర ఎల్‌ఈడీ దీపం నిజమైన ఆసరా. అయితే కొన్న కొద్ది నెలలకే వెలుగు తగ్గి, ఏడాది తిరిగేసరికి అటకెక్కే దీపాలు ఎన్నో. చాలా సందర్భాల్లో లోపం బల్బుది కాదు. పగలు ఫలకం ఇచ్చే విద్యుత్తుకు, రాత్రి మనం వాడే విద్యుత్తుకు మధ్య లెక్క కుదరకపోవడమే అసలు కారణం.

లెక్క ఇలా..

ఒక వాట్ ఎల్‌ఈడీ సుమారు 100 ల్యూమెన్ల వెలుతురు ఇస్తుంది. కిరోసిన్ బుడ్డి వెలుతురు దీనిలో పదో వంతు మాత్రమే. ఒక వాట్ దీపం రాత్రికి ఆరు గంటలు వెలగాలంటే ఆరు వాట్ అవర్ల విద్యుత్తు కావాలి. ఇటువంటివి వెయ్యి కలిస్తే మన కరెంటు బిల్లులో కనిపించే ఒక యూనిట్ అవుతుంది.

ఫలకంపై రాసి ఉండే వాట్లు నిండు ఎండలో వచ్చేవి. ఉదయపు ఎండ, సాయంత్రపు ఎండ కలిపి చూస్తే, తెరిపిగా ఉన్న రోజున మన ప్రాంతంలో నాలుగున్నర నుంచి ఐదు గంటల నిండు ఎండకు సమానమైన శక్తి దక్కుతుంది. అంటే రెండు వాట్ల ఫలకం కాగితం మీద తొమ్మిది వాట్ అవర్లు ఇవ్వాలి. వేడి, దుమ్ము, బ్యాటరీలో జరిగే నష్టాలు పోగా చేతికి అందేది ఆరుకు మించదు. ఒక వాట్ దీపానికి రెండు వాట్ల ఫలకం కనీస అవసరమన్న మాట. దట్టంగా మబ్బు పట్టిన రోజున ఉత్పత్తి పదో వంతుకు కూడా పడిపోవచ్చు. అందువల్ల మూడు వాట్ల ఫలకం ఉంటే నిశ్చింత.

ఎండ లేని రెండు మూడు రాత్రులను గట్టెక్కించవలసింది బ్యాటరీ. 3.2 వోల్టులు, 6 ఆంపియర్ అవర్ల లిథియం ఐరన్ ఫాస్ఫేట్ బ్యాటరీలో సుమారు 19 వాట్ అవర్లు నిల్వ ఉంటాయి. మూడు రాత్రులకు ఇది సరిపోతుంది. వెలుతురు తగ్గించే మీట ఉన్న దీపమైతే సగం వెలుతురుతో వారం వరకు నెట్టుకురావచ్చు.

నీడ పడితే అంతే

ఫలకంలోని ఘటాలు ఒకదాని వెంట ఒకటి వరుసగా కలిపి ఉంటాయి. ఒక ఘటంపై కొబ్బరాకు నీడ పడినా మొత్తం ఫలకం ఉత్పత్తి బాగా పడిపోతుంది. వేసవిలో ఎండ పడిన చోటే శీతాకాలంలోనూ పడుతుందనుకోవడం పొరపాటు. మార్గశిర, పుష్య మాసాల్లో సూర్యుడు దక్షిణానికి వాలడంతో చెట్ల నీడలు పొడుగవుతాయి. అప్పుడు ఒకసారి చోటు సరిచూసుకోవాలి.

ఫలకం దక్షిణ ముఖంగా కొద్దిపాటి వాలుతో ఉండాలి. అడుగు పొడవున్న ఫలకానికి ఉత్తరపు అంచును నాలుగు అంగుళాలు ఎత్తితే చాలు. ఆ వాలు వల్ల వాన నీరు, దుమ్ము కూడా నిలవవు. తీర గ్రామాల్లో ఉప్పుగాలి తెల్లని పొరలా పేరుకుంటుంది. వారానికోసారి ఉదయం చల్లపూట మంచినీటితో, మెత్తని గుడ్డతో తుడవాలి.

బ్యాటరీయే ప్రాణం

ఎల్‌ఈడీ ఏళ్ల తరబడి వెలుగుతుంది. ముందుగా అలసిపోయేది బ్యాటరీ. సీసం బ్యాటరీ సాధారణంగా రెండు మూడేళ్లలో మార్పునకు వస్తుంది. లిథియం ఐరన్ ఫాస్ఫేట్ రకం రెండు వేల సార్లకు పైగా ఛార్జింగును తట్టుకుంటుంది. కొత్త బ్యాటరీ వేసేటప్పుడు జాగ్రత్త అవసరం. ఈ రకం 3.65 వోల్టుల వద్ద నిండుతుంది. సెల్‌ఫోన్లలో వాడే లిథియం అయాన్ రకం 4.2 వోల్టుల వద్ద నిండుతుంది. ఒకదాని స్థానంలో మరొకటి వేస్తే పాడైపోవడమే కాక ప్రమాదం కూడా. సంతల్లో దొరికే చిన్న లిథియం ఘటాలపై 9,900 ఎంఏహెచ్ వంటి అంకెలు చూసి మోసపోరాదు. 18650 అనే ఆ పరిమాణం ఘటంలో సాధారణంగా 2,000 నుంచి 3,500 వరకే ఉంటుంది.

వేడి బ్యాటరీకి శత్రువు. తీగతో విడిగా ఫలకం ఉన్న దీపమైతే ఫలకాన్ని మాత్రమే ఎండలో ఉంచి, దీపాన్ని నీడన పెట్టాలి.

వెలుతురు ఎక్కడ పడాలి?

దీపాన్ని సగం దూరానికి దగ్గర చేస్తే పుస్తకంపై పడే వెలుతురు నాలుగింతలవుతుంది. చదువుకునే పిల్లలకు పెద్ద దీపం కన్నా దగ్గరి దీపమే మేలు. కట్లపాము రాత్రివేళ ఇళ్లలోకి వచ్చి నేలపై పడుకున్నవారిని కాటేస్తుంది. కాటు నొప్పి తెలియకపోవడమూ కద్దు. కాబట్టి గడప, పెరటి దారి, మరుగుదొడ్డి వద్ద నేలపై వెలుతురు పడేలా చూసుకోవాలి. మనిషి కదలికను బట్టి వెలిగే దీపాలు ఇందుకు అనువైనవి. అవి విద్యుత్తునూ ఆదా చేస్తాయి.

బాగుచేసేవారేరి?

2017లో ప్రారంభమైన సౌభాగ్య పథకంలో, విద్యుత్తు తీగలు చేరని మారుమూల ఇళ్లకు ఐదు ఎల్‌ఈడీ దీపాలు, ఒక ఫ్యానుతో కూడిన సౌర సామగ్రిని, ఐదేళ్ల నిర్వహణను నిర్దేశించారు. ఆ గడువు తీరాక పాత బ్యాటరీ మార్చేదెవరన్నది అసలు ప్రశ్న. పంచాయతీలు నిలబెట్టే సౌర వీధి దీపాలకూ ఇదే వర్తిస్తుంది. బ్యాటరీకి నిధి కేటాయించకుంటే స్తంభం మాత్రమే మిగులుతుంది.

బొంబాయి ఐఐటీ చేపట్టిన విద్యార్థుల సౌర దీపాల కార్యక్రమం ఇందుకు ఒక దారి చూపింది. రాజస్థాన్‌లోని డుంగర్‌పూర్ జిల్లాలో గిరిజన మహిళలే దీపాల కూర్పు, మరమ్మతు నేర్చుకున్నారు. మన మండలాల్లోని స్వయం సహాయక సంఘాలకు కూడా ఈ పని అసాధ్యం కాదు. ఊరిలో టంకం పెట్టగల చేయి ఒకటుంటే, అటకపై ఉన్న దీపాల్లో చాలావరకు తిరిగి వెలుగుతాయి.

తుపానుకు ముందు..

* హెచ్చరిక వెలువడగానే దీపాన్ని పూర్తిగా ఛార్జి చేయాలి. కరెంటుతో కూడా ఛార్జి అయ్యే దీపమైతే మరీ మంచిది.
* గాలులు మొదలుకాక ముందే ఫలకాన్ని కప్పు మీద నుంచి దించి ఇంట్లో భద్రపరచాలి.
* మొదటి రాత్రి నుంచే తక్కువ వెలుతురుతో వాడాలి.
* వాడకుండా దాచిన దీపాన్ని కూడా నెలకోసారి ఛార్జి చేయాలి. పూర్తిగా ఖాళీ అయి పడి ఉన్న బ్యాటరీ అవసరానికి అక్కరకు రాదు.