కళ్ళెమును నమ్మిన గుఱ్ఱము

కళ్ళెము వేయుట యన్నచో మన భాషలో అదుపు చేయుట యనియే అర్థము. ధరలకు కళ్ళెము, నాలుకకు కళ్ళెము అని వాడుచుందుము. కాని గొప్ప అశ్వశిక్షకుల దృష్టిలో కళ్ళెము అడ్డుకట్ట కాదు. రౌతు చేతికిని గుఱ్ఱము నోటికిని నడుమ సాగు సంభాషణకు సాధనము. లేత గుఱ్ఱము భయము వీడి ఆ సంభాషణకు సమ్మతించుట యెట్లు? ఈ ప్రశ్నకు యూరపు ఖండమున రెండువేల మూడువందల యేండ్లకు మించిన చరిత్ర కలదు.

గుఱ్ఱము దవడయందు కొఱుకు పండ్లకును నమలు పండ్లకును నడుమ ఖాళీ చోటు కలదు. కళ్ళెపు ఇనుము నిలుచునది అచ్చటనే. అచ్చట ఎముకను కప్పియున్నది పలుచని చిగురు పొర. పగ్గములను మొరటుగ లాగినచో గుఱ్ఱము తల పైకెత్తి, వీపు బిగించి ఎదిరించును; లేదా గడ్డమును రొమ్మునకు చేర్చి ఇనుమునుండి తప్పించుకొనును. మొదటిది ధిక్కారమని యెవరైనను గుర్తింతురు. రెండవది వినయమువలె కన్పట్టును. పెక్కుమంది మోసపోయినది ఈ రెండవదాని వలననే.

క్రీస్తుపూర్వము 4వ శతాబ్దమున, సోక్రటీసు శిష్యుడును సేనానియు నైన జెనొఫన్ అశ్వారోహణమును గూర్చి యొక గ్రంథము వ్రాసెను. కోపముతో గుఱ్ఱమును సమీపింపరాదని ఆయన బోధ. బలవంతమున చేయు పని గుఱ్ఱమునకు అర్థము కాదనియు, కొరడాతోను ముల్లుకఱ్ఱతోను ఆడించిన నర్తకుని ఆటయందువలెనే అందులోను అందముండదనియు ఆయన తలంపు. కుమారుని వృత్తివిద్యకు అప్పగించునట్లే పిల్లగుఱ్ఱమును శిక్షకునికి అప్పగింపవలెననియు, నేర్పవలసిన వానిని ముందుగనే వ్రాసికొనవలెననియు ఆయన చెప్పెను.

ఈ సౌమ్యత నిలువలేదు. 1550లో నేపుల్సు నగరవాసి ఫెడెరిగో గ్రిజోనె ప్రకటించిన గ్రంథము యూరపంతట వ్యాపించెను. అందు కఠినమైన కళ్ళెములకును శిక్షలకును పెద్దపీట వేయబడినది. దానికి విరుగుడు ఫ్రాన్సున లభించినది. పదమూడవ లూయీ రాజునకు స్వారి నేర్పిన ప్లూవినెల్, గుఱ్ఱపు బుద్ధిని ఆకట్టుకొనవలెననియు, దండన అరుదుగ నుండవలెననియు బోధించెను. ఆయన గ్రంథము మరణానంతరము 1623లో అచ్చయ్యెను. పిమ్మట లా గెరినియేర్ 1733లో ప్రకటించిన గ్రంథమున, గుఱ్ఱపు భుజములను గోడనుండి కొంచెము లోపలికి మరలించి నడపు అభ్యాసమును వివరించెను. దానివలన లోపలి వెనుకకాలు పొట్టక్రిందికి వచ్చి బరువు మోయ నేర్చును. వియన్నాలోని స్పానిషు అశ్వశిక్షణాలయము నేటికిని ఆయన మార్గమునే అనుసరించుచున్నది.

ఈ మార్గమున లేత గుఱ్ఱమునకు తల వంచుట మొదటి పాఠము కాదు. మొదట రౌతు లేకుండ, పొడుగు త్రాటిపై వలయముగ నడిపింతురు. తరువాత తేలికయైన రౌతు నెక్కించి, లయ తప్పకుండ ముందునకు సాగనిత్తురు. వీపు సడలి, వెనుకకాళ్ళ త్రోపు మెడ మీదుగ నోటిని చేరినపుడు, గుఱ్ఱము తనంత తానే మెడ చాచి కళ్ళెమును వెదకును. రౌతు చేయి లాగదు. ఆ కదలికను అనుసరించును. జర్మను శిక్షణక్రమమున లయ, సడలింపు, కళ్ళెపు స్పర్శ, చైతన్యము, సూటిదనము, కూడిక అని ఆరు మెట్లు కలవు. స్పర్శ మూడవ మెట్టు. మొదటి రెండింటిని దాటనిదే అది దక్కదు. గుఱ్ఱపు ఎముకలు ముదురుటకు అయిదారేండ్లు పట్టును. తొందరపడిన శిక్షకుడు ఎదుగుచున్న ఆ దేహముచేతనే మూల్యము చెల్లింపజేయును.

తొందర మాత్రము ఏ కాలమునను పోలేదు. మెడను బలముగ వంచి తిప్పు పద్ధతి పోటీరంగమున వివాదాస్పదము కాగా, 2010లో అంతర్జాతీయ అశ్వక్రీడా సమాఖ్య అట్టి బలప్రయోగము ఆమోదయోగ్యము కాదని ప్రకటింపవలసి వచ్చెను. జెనొఫన్ మాటనే మరల చెప్పవలసి వచ్చినదన్నమాట!

నిజమైన సమ్మతిని గుర్తించుటకు రౌతులు తరతరములుగ వాడు పరీక్ష యొకటి కలదు. స్వారి నడుమ పగ్గములను మెల్లగ వదలవలెను. తల విదిలించినను, వంచిన మెడ వంచినట్లే యుండినను ఆ గుఱ్ఱము భయమున లొంగినదే. నడక మారకుండ మెడ చాచి, రౌతు చేతిని వెదకుచు ముందునకును క్రిందికిని సాగినదా, అది కళ్ళెమును నమ్మిన గుఱ్ఱము.