నష్టపరిహారం దయాధర్మం కాదు



పింఛను అనేది సర్కారువారు దయతలచి వేసే భిక్ష కాదని, ఉద్యోగి తన సేవతో సంపాదించుకున్న హక్కని 1982 డిసెంబరు 17న నకారా కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. ఆ తేదీని మనం ఏటా పెన్షనర్ల దినంగా జరుపుకుంటున్నాం. అదే మాట వర్తించే మరో హక్కు గురించి మాత్రం మనలో చాలామందికి తెలియదు. ఎదుటివారి అజాగ్రత్త వల్లనో, దుష్ప్రవర్తన వల్లనో మనకు గాని మనవారికి గాని కీడు జరిగితే, దానికి రావలసిన పరిహారం కూడా హక్కే. ఈ హక్కు ఎలా వచ్చిందో, అందులో మన తెలుగు ప్రాంతపు కేసుల పాత్ర ఏమిటో ఈ ప్రత్యేక సంచికలో క్లుప్తంగా మనవి చేస్తాను. నేను న్యాయశాఖలో కాపీయిస్టుగా చేరి, సూపరింటెండెంటుగా రిటైరై, కంకిపాడులో స్థిరపడినవాణ్ణి. వకీలును కాను. ముప్ఫై ఏళ్ళకు పైగా తీర్పుల కట్టలు మోసిన అనుభవంతో రాస్తున్నాను.

పూర్వం ఇంగ్లీషు చట్టంలో ఒక విచిత్రమైన సూత్రం ఉండేది. గాయపడినవాడు దావా వేయవచ్చు. అతడే చనిపోతే ఆ దావా హక్కు అతనితోనే పోయేది. కాలు విరిగినవాడికి సొమ్ము వచ్చేది గాని, ప్రాణం పోయినవాడి భార్యాబిడ్డలకు దమ్మిడీ వచ్చేది కాదు. రైళ్ళు వచ్చి ప్రమాదాలు పెరిగాక 1846లో ఇంగ్లండులో దీన్ని సవరించారు. మన దేశంలో 1855లో ఫేటల్ యాక్సిడెంట్స్ చట్టం వచ్చింది. దాంతో చనిపోయినవారి భార్య లేక భర్త, తల్లిదండ్రులు, పిల్లల పక్షాన దావా వేయడానికి వీలు కలిగింది.

అయితే నష్టం జరిగినంత మాత్రాన డబ్బు రాదు. ఎదుటివారి అజాగ్రత్త రుజువు కావాలి. ఈ సంగతిని తేల్చిన తొలి పెద్ద కేసుల్లో ఒకటి చిత్తూరు ప్రాంతపు కార్వేటినగరం జమీందారుది. భారీ వర్షాలకు జమీందారీ చెరువులు తెగి మద్రాసు రైల్వే కంపెనీ మార్గానికి నష్టం కలిగింది. నీళ్ళు నిలవ చేసినవాడే నష్టం భరించాలని కంపెనీ వాదించింది. 1874లో లండనులోని ప్రీవీ కౌన్సిలు అందుకు ఒప్పుకోలేదు. చెరువులు తరతరాలుగా ప్రజల సాగు కోసం ఉన్నవి, వాటిని కాపాడడం జమీందారు విధి, ఆయన అజాగ్రత్తగా ఉన్నట్లు రుజువు చేస్తే తప్ప బాధ్యత లేదని తేల్చింది. కాలువల మీద, చెరువుల మీద బతికే మన డెల్టావాళ్ళకు ఈ తీర్పులోని ఇంగితం వెంటనే అర్థమవుతుంది.

ఇక అసలు చిక్కు ప్రభుత్వంతో వచ్చింది. ప్రైవేటువాడు తప్పు చేస్తే దావా వేయవచ్చు. సర్కారు నౌకరు తప్పు చేస్తే? కలకత్తా కిడర్‌పూరు డాక్‌యార్డులో సర్కారు కూలీలు ఇనుప సామాను మోస్తూ రోడ్డు మీద పడవేస్తే, ఆ చప్పుడుకు బెదిరి ఒక స్టీమరు కంపెనీ బండి గుర్రం గాయపడింది. కంపెనీ 350 రూపాయలకు దావా వేసింది. 1861లో కోర్టు పరిహారం ఇమ్మన్నది గాని, ఒక మెలిక పెట్టింది. వ్యాపారంలాంటి పనుల్లో తప్పు జరిగితే సర్కారు బాధ్యురాలు, రాజ్యాధికారంతో చేసే పనుల్లో కాదు అన్నది. ఈ ‘సార్వభౌమ విధులు’ అనే మాటను మనలో చాలామంది ఆఫీసు ఫైళ్ళలో చూసినవారే.

స్వాతంత్ర్యం వచ్చాక కూడా ఈ మెలిక పోలేదు. ఉదయపూరులో కలెక్టరుగారి జీపు కాలిబాటన పోతున్న మనిషిని గుద్ది చంపితే, 1962లో సుప్రీంకోర్టు రాజస్థాన్ ప్రభుత్వం 15,000 రూపాయలు ఇవ్వవలసిందేనన్నది. మంచి తీర్పు. కాని 1964లో కస్తూరీలాల్ కేసులో అదే కోర్టు వెనక్కి తగ్గింది. 1947లో మీరట్ పోలీసులు ఒక వ్యాపారి దగ్గర బంగారం పట్టుకున్నారు. స్టేషనులో ఉంచిన ఆ బంగారాన్ని హెడ్ కానిస్టేబులు కాజేసి పాకిస్తాను పారిపోయాడు. పోలీసుల అజాగ్రత్త స్పష్టంగా ఉన్నా, సోదా చేయడం, స్వాధీనపరచుకోవడం సార్వభౌమ విధులు కాబట్టి ప్రభుత్వానికి బాధ్యత లేదన్నారు. ఆ తరువాత ముప్ఫై ఏళ్ళపాటు సర్కారు వకీళ్ళకు ఇదే కవచం అయింది.

ఆ కవచానికి బీటలు వేసిన కేసుల్లో రెండు మన రాష్ట్రానివి.

మొదటిది ఎరువుల వ్యాపారి కేసు. 1975లో ఎన్. నాగేంద్రరావు అండ్ కో అనే సంస్థ ఎరువుల, ధాన్యాల నిల్వలను నిత్యావసర వస్తువుల చట్టం కింద అధికారులు పట్టుకున్నారు. ఎరువులను పంపిణీ చేయమని ఉత్తర్వులున్నా కింది అధికారి కదలలేదు. చివరకు సరుకులో చాలావరకు తిరిగి ఇమ్మని ఉత్తర్వు వచ్చేసరికి అది పాడైపోయింది. కింది కోర్టు లక్ష పైచిలుకు రూపాయలకు డిక్రీ ఇస్తే, హైకోర్టు కస్తూరీలాల్ తీర్పు చూపి కొట్టివేసింది. 1994 సెప్టెంబరు 6న సుప్రీంకోర్టు ఆ డిక్రీని నిలబెట్టింది. రాజు తప్పు చేయడన్న పాత మాట ప్రజాస్వామ్యంలో చెల్లదని, అధికారి అజాగ్రత్తకు పౌరుడు నష్టపోతే రాజ్యం తప్పించుకోలేదని వివరంగా చెప్పింది.

రెండవది అప్పటి కర్నూలు జిల్లా కోవెలకుంట్ల సబ్‌జైలు కేసు. 1977 మే నెలలో ఒక రాత్రి దుండగులు జైలు మీద బాంబులు వేస్తే, లోపల ఉన్న తండ్రి చనిపోయాడు, కొడుకు గాయపడ్డాడు. తమకు ప్రాణభయం ఉందని ముందే మొరపెట్టుకున్నా కాపలా సరిగా పెట్టలేదు. కింది కోర్టులో ఓడిన కుటుంబానికి మన హైకోర్టు 1,44,000 రూపాయలు మంజూరు చేసింది. ప్రభుత్వం అప్పీలుకు వెళితే 2000 ఏప్రిల్ 26న సుప్రీంకోర్టు దాన్ని తోసిపుచ్చింది. జైల్లో పెట్టినంత మాత్రాన మనిషి మనిషి కాకుండా పోడని, ప్రాణహక్కు ముందు సార్వభౌమ విధుల వాదన నిలవదని తేల్చింది. ఇరవై మూడేళ్ళు పట్టింది. ఆ కుటుంబం మధ్యలో విసిగి మానుకుంటే ఈ తీర్పు మనకు ఉండేది కాదు.

ఆసుపత్రుల సంగతికి వస్తే, 1986లో వినియోగదారుల రక్షణ చట్టం వచ్చింది. డాక్టర్ల సేవలు కూడా ఆ చట్టం కిందికి వస్తాయని 1995 నవంబరు 13న సుప్రీంకోర్టు చెప్పింది. అందరికీ పూర్తిగా ఉచితంగా వైద్యం చేసే చోట్లకు అది వర్తించదు. అక్కడ సివిలు దావాయే మార్గం. కాని ఖర్చును ఉద్యోగి తరఫున యాజమాన్యం భరించినా, బీమా కంపెనీ భరించినా అది ఉచిత సేవ కాదని అదే తీర్పులో ఉంది. హెల్త్ కార్డు మీద వైద్యం పొందే మన సభ్యులు ఇది గుర్తుంచుకోవాలి. హైదరాబాదులో మలేరియా శాఖ ఉద్యోగి ఒకరు జ్వరంతో ఉన్న భార్యను ఆసుపత్రిలో చేర్చితే, మలేరియాకు బదులు టైఫాయిడు మందులు వాడారు. జిల్లా ఫోరం 2 లక్షలు ఇమ్మన్నది. పై కమిషన్లలో ఓడినా ఆయన వదలలేదు. ప్రతి కేసులోనూ నిపుణుడి సాక్ష్యం అక్కరలేదంటూ 2010లో సుప్రీంకోర్టు ఆయన పక్షాన తీర్పిచ్చింది.

ఇంతకీ ఈ చరిత్ర మనకెందుకంటే, బందరు రోడ్డు పక్కన కాపురముండే మాకు ప్రమాదం కొత్త కాదు. కొన్నేళ్ళ క్రితం మాకు తెలిసిన రిటైర్డ్ ఉపాధ్యాయుడు ఒకాయన సైకిలు మీద వెళుతూ లారీ తగిలి చనిపోయారు. పదిరోజులు కాకుండానే పెద్దమనుషులు రాజీకి వచ్చారు. ఆయన భార్య నన్ను అడిగారు: “అన్నయ్యగారూ, నాకు ఫ్యామిలీ పింఛను వస్తోంది గదా, కోర్టు ఇంకేమీ ఇవ్వదంటున్నారు. యాభై వేలు తీసుకోమంటారా?” నేను చెప్పిన సమాధానం ఇక్కడ రాస్తున్నాను. ఫ్యామిలీ పింఛను, ప్రావిడెంటు ఫండు, జీవిత బీమా సొమ్ము వంటివి పరిహారంలోంచి తగ్గించకూడదని 1998లో హెలెన్ రెబెల్లో కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. లెక్క కూడా ఎవరి దయ మీదా ఉండదు. 2009 నాటి సరళా వర్మ తీర్పు ప్రకారం 61 నుంచి 65 ఏళ్ళవారికి ఏడేళ్ళ ఆదాయం, 66 నుంచి 70 ఏళ్ళవారికి ఐదేళ్ళ ఆదాయం లెక్కగడతారు. ఉదాహరణకు నెలకు 18,000 రూపాయల పింఛనుదారు 64వ ఏట పోతే, సొంత ఖర్చు కింద మూడోవంతు తీసివేసినా 10,08,000 రూపాయలు అవుతుంది. అంత్యక్రియల ఖర్చు మొదలైనవి దీనికి అదనం. ఆమె విజయవాడలో క్లెయిము వేశారు. ఆలస్యమైనా, పెద్దమనుషులు చెప్పినదానికి ఎన్నో రెట్లు వచ్చింది.

ఇప్పటి నిబంధనలు కొన్ని గుర్తుంచుకోండి. ప్రమాదం ఎక్కడ జరిగినా మనం నివసించే చోటి ట్రిబ్యునలులోనే క్లెయిము వేయవచ్చు. 2022 ఏప్రిల్ నుంచి అమలైన సవరణ ఆరు నెలల గడువు పెట్టింది గనుక ఆలోగా వేయడమే క్షేమం. గుద్దిన బండి ఏదో తెలియకపోతే మరణానికి 2 లక్షలు, తీవ్ర గాయాలకు 50,000 వస్తాయి. అందుకు ఆర్.డి.ఓ. లేదా తహశీల్దారు కార్యాలయంలో దరఖాస్తు చేయాలి. తెగిపడిన కరెంటు తీగ తగిలి మనిషి పోతే, తీగను దొంగతనంగా వాడుకున్నవాడిదే తప్పని విద్యుత్ సంస్థ తప్పించుకోలేదని 2002లో సుప్రీంకోర్టు చెప్పింది. వినియోగదారుల కమిషనులో రెండేళ్ళలోగా ఫిర్యాదు చేయాలి. స్త్రీలకు, షెడ్యూల్డ్ కులాల, తెగలవారికి, వికలాంగులకు న్యాయ సేవాధికార సంస్థ ఉచితంగా వకీలును ఇస్తుంది. ఫోను నంబరు 15100. ఆసుపత్రి బిల్లులు, డిశ్చార్జి కాగితం, ఎఫ్.ఐ.ఆర్. నకలు, పింఛను పుస్తకం ఒక సంచిలో పెట్టి ఇంట్లో మరొకరికి చెప్పి ఉంచండి. కాగితం లేని హక్కు కోర్టులో నిలబడదు.

ప్రభుత్వం ప్రకటించే ‘ఎక్స్‌గ్రేషియా’ అన్న మాటకు అర్థమే ‘దయతో ఇచ్చేది’ అని. ఇస్తే పుచ్చుకోండి, తప్పులేదు. కాని దానితో మీ హక్కు తీరిపోయిందని ఎవరైనా చెబితే నమ్మకండి. ఏ కాగితం మీదనైనా చదవకుండా సంతకం చేయకండి. మనం ఊరుకుంటే తరువాతివాడి విషయంలోనూ అదే అజాగ్రత్త జరుగుతుంది. మన ఇళ్ళలోని పిల్లలకు ఈ నాలుగు మాటలు చదివి వినిపించవలసిందిగా సభ్యులందరికీ నా విన్నపం.