చంద్రగిరి రాణీమహల్: రాజమహల్ పక్కన రెండంతస్తుల రాతి కట్టడం

తిరుపతికి కొద్ది కిలోమీటర్ల దూరంలో ఉన్న చంద్రగిరి దిగువ కోటలో రెండు పాత భవనాలు దగ్గర దగ్గరగా నిలిచి ఉన్నాయి. మూడంతస్తుల రాజమహల్‌లో పురావస్తు ప్రదర్శనశాల నడుస్తోంది. సందర్శకుల చూపు సహజంగానే ముందుగా దానిపై పడుతుంది. సమీపంలోని రెండంతస్తుల రాణీమహల్ పరిమాణంలో చిన్నదే గాని, వారసత్వ విలువలో తక్కువది కాదు.

విజయనగర కాలపు ఆలయాలు దక్షిణాదిన వందల సంఖ్యలో మిగిలాయి. ఆ కాలపు మనుషులు నివసించిన భవనాలు మాత్రం అరుదు. దేవుడికి రాయి, మనిషికి కలప అన్నది నాటి నిర్మాణ రీతి. అందుకే హంపీలోని రాచ ఆవరణలో నేడు కనిపించేవి చాలావరకు రాతి పీఠాలే. వాటిపై నిలిచిన కొయ్య స్తంభాలు, పైకప్పులు అగ్నికి, కాలానికి ఆహుతయ్యాయి. చంద్రగిరి భవనాలను రాయి, ఇటుక, సున్నంతో కట్టారు. రాజమహల్ నిర్మాణంలో కలపే వాడలేదు. ఆలయం కాని విజయనగర కట్టడాన్ని గోడలు, అంతస్తులతో సహా చూడగల కొద్ది చోట్లలో ఇదొకటి. పెనుకొండలోని గగన్‌మహల్, హంపీలోని కమల్‌మహల్ ఈ కోవకే చెందుతాయి. సుల్తానుల కట్టడాల నుంచి వచ్చిన కమానులు, ఆలయ గోపురాలను తలపించే శిఖరాలు ఒకే భవనంలో కలిసిపోవడం ఈ శైలి ప్రత్యేకత. యుద్ధభూమిలో తలపడిన రాజ్యాలు నిర్మాణ విద్యను ఇచ్చిపుచ్చుకోవడానికి వెనుకాడలేదన్నమాట.

రాణీమహల్ అన్న పేరే ఒక చిక్కుముడి. కింది అంతస్తు తీరు అశ్వశాలను పోలి ఉంటుంది. ఇది సేనాధికారి నివాసమై ఉండవచ్చన్న అభిప్రాయమూ ఉంది. హంపీలోనూ పలు కట్టడాలకు రాణుల పేర్లు తర్వాతి కాలంలో వచ్చినవే. సేనాధికారి నివాసమన్న మాటే నిజమైతే భవనం విలువ తగ్గదు సరికదా, పెరుగుతుంది. రాజుల మేడల కన్నా రాజోద్యోగుల ఇళ్లు మరీ అరుదుగా మిగిలాయి.

చంద్రగిరి చరిత్ర పొడవైనది. 1485లో విజయనగర సింహాసనాన్ని అధిష్ఠించిన సాళువ నరసింహుడికి ఇదే బలమైన స్థావరం. 1565 నాటి రాక్షసి తంగడి యుద్ధం తర్వాత రాజధాని పెనుకొండకు, అరవీటి వేంకటపతి రాయల కాలంలో చంద్రగిరికి తరలింది. 1639లో ఈస్టిండియా కంపెనీకి మద్రాసు స్థలాన్ని ఇచ్చిన ఒప్పందాన్ని ఈ కోటతో ముడిపెట్టి చెబుతారు. 1646లో కోట గోల్కొండ వశమైంది. తర్వాత ఆర్కాటు నవాబుల చేతికి, 1782లో హైదర్ అలీ చేతికి వెళ్లింది. 1792 నాటి శ్రీరంగపట్నం సంధితో మైసూరు పాలన ముగిశాక కోట ప్రాధాన్యం క్షీణించింది.

ఇటువంటి కట్టడాలకు శత్రుసేనల కన్నా తేమ ప్రమాదకరం. వాన నీరు పగుళ్లలోకి దిగుతుంది. రావి, మర్రి మొలకలు ఆ పగుళ్లను వెడల్పు చేస్తాయి. తొందరపాటు మరమ్మతులు చేసే చేటు మరొకటి. పాత సున్నపు గోడ తేమను పీల్చి, తిరిగి బయటకు వదులుతుంది. దానిపై సిమెంటు పూస్తే తేమ లోపలే చిక్కుకుని, లవణాలు ఇటుకను, పాత పూతను పొడిపొడిగా రాల్చేస్తాయి. గానుగలో నూరిన సున్నంతోనే మరమ్మతు చేయాలని సంరక్షకులు పట్టుబట్టేది ఇందుకే. ఆ పని నిదానంగా సాగుతుంది, ఖర్చూ ఎక్కువే. పైగా ఆ పనితనం తెలిసిన మేస్త్రీలు తగ్గిపోతున్నారు.

కేంద్ర రక్షిత కట్టడాల చుట్టూ 100 మీటర్ల వరకు కొత్త నిర్మాణాలను చట్టం నిషేధిస్తోంది. ఆపై మరో 200 మీటర్ల పరిధిలో నిర్మాణాలకు ముందస్తు అనుమతి తప్పనిసరి.